చేతిలో పదివేల బ్రష్షు, నోట్లో పదేళ్ల గార

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటి సారాంశం ఇంచుమించు ఒకటే. తెనాలి నుంచి ఒక సోదరి రాస్తున్నారు: "డాక్టరు గారూ, అమెరికాలో ఉన్న మా అబ్బాయి నాకూ, వాళ్ల నాన్నగారికీ చెరొక కరెంటు బ్రష్షు పంపించాడు. సెల్‌ఫోనుతో కలిపి వాడాలట. ఎంతసేపు తోమామో, ఎక్కడ వదిలేశామో ఫోనే చెబుతుందట. ఇన్నాళ్లూ మామూలు బ్రష్షుతోనే గడిచింది కదా, ఇప్పుడిది అవసరమా? మా అమ్మాయి పిల్లలకి కూడా కొనమంటారా?" బాపట్ల నుంచి రిటైరైన ఉపాధ్యాయులు ఒకరు బ్రష్షు ఖరీదు చూసి, "ఈ డబ్బుతో మా రోజుల్లో ఆడపిల్ల పెళ్లి చేసేవాళ్లం" అని చమత్కరించి, కొనాలో వద్దో ఒక్క ముక్కలో చెప్పమన్నారు. రేపల్లె కుర్రవాడి బాధ వేరు. ఇరవయ్యారేళ్లవాడు, పెళ్లిచూపులు దగ్గరపడ్డాయి. పళ్లమీది పచ్చని చారలు పోవాలంటే ఎంత ఖరీదైన బ్రష్షు కొనాలి అని అడుగుతున్నాడు.

ఉపాధ్యాయులవారు అడిగిన ఆ ఒక్క ముక్క ముందు చెప్పేస్తాను. చేతులు బాగా ఆడే మనిషికి, రెండు నిమిషాలు ఓపిక పట్టగల మనిషికి, ఫోనుతో మాట్లాడే పదివేల రూపాయల బ్రష్షు అవసరం లేదు. చెయ్యి సరిగా ఆడనివారికి మాత్రం కరెంటు బ్రష్షు నిజంగా మేలు చేస్తుంది. అదైనా ఫోను జోలి లేని సాదా రకం చాలు. ఇక మిగిలినదంతా ఎందుకు, ఎలా అన్న వివరమే.

నేను దంత వైద్యుణ్ణి కాను. ప్రభుత్వ ఆస్పత్రుల్లో అన్ని రోగాలూ చూసే మామూలు డాక్టర్ని. అయితే షుగరు రోగులు, పక్షవాతం వచ్చినవారు, గుండె జబ్బులవారు వచ్చేది నా దగ్గరికే. వాళ్లచేత నోరు తెరిపించి చూడకుండా వైద్యం సాగదు. అందుచేత ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే అవకాశం తీసుకుంటున్నాను.

ఇంతకీ మనం పళ్లు తోముకునేది దేనికి? తెల్లబడడానికి అనుకుంటారు చాలామంది. కాదు. తోముకున్న కొన్ని గంటలకే పళ్లమీద జిగటగా ఒక సన్నని పొర మళ్లీ చేరుతుంది. గోటితో గీస్తే తెల్లగా వస్తుంది. అదే పాచి. దానినిండా సూక్ష్మక్రిములే. మనం తిన్న తీపినీ, పిండిపదార్థాలనీ అవి పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయి. ఆ ఆమ్లం పంటిమీది పింగాణీ పొరను తినేస్తే పిప్పిపన్ను అవుతుంది. అదే పాచి చిగురు అంచున తిష్ఠ వేస్తే చిగురు ఎర్రబడి, ఉబ్బి, తోముకునేటప్పుడు నెత్తురు కనిపిస్తుంది. దాన్ని తుడవకుండా వదిలేస్తే లాలాజలంలోని సున్నం చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది. దానిపేరు గార. పాచి మెత్తగా ఉన్నంతవరకూ ఇరవై రూపాయల బ్రష్షుకైనా లొంగుతుంది. గారగా మారిన తరవాత లక్ష రూపాయల బ్రష్షుకి కూడా లొంగదు. దంత వైద్యుడు పనిముట్టు పెట్టి గీకి తియ్యవలసిందే.

ఇక ఈ బ్రష్షుల సంగతి. కరెంటు బ్రష్షు నిన్నమొన్నటిది కాదు. 1954లోనే స్విట్జర్లాండులో ఫిలిప్ గీ వూగ్ అనే ఆయన బ్రాక్సోడెంట్ అనే బ్రష్షును తయారుచేశాడు. ఎవరికోసం? చేతులు సరిగా కదపలేని రోగుల కోసం, వంకర పళ్లకి తీగలు కట్టించుకున్నవారి కోసం. ఆరోగ్యంగా తిరుగుతున్న వాళ్లందరికీ ఇది కావాలన్న ఆలోచన తరవాతి వ్యాపారంలో వచ్చింది.

ఇప్పుడు బజారులో ముఖ్యంగా రెండు తరహాలు. ఒకదాని తల చిన్నగా, గుండ్రంగా ఉండి, అటూ ఇటూ గిర్రున తిరుగుతుంది. రెండోది చూడ్డానికి మామూలు బ్రష్షులాగే ఉంటుంది, కాని దాని కుచ్చు నిమిషానికి వేలసార్లు కంపిస్తుంది. వీటిలోనే బ్యాటరీ సెల్లు వేసుకునే చవక రకాలున్నాయి, చార్జింగు పెట్టుకునేవి ఉన్నాయి. వీటన్నిటికీ పైమెట్టుమీద కూర్చున్నవి స్మార్టు బ్రష్షులు. లోపల ఉన్న పరికరం బ్రష్షు ఏ దిక్కున కదులుతోందో గమనించి, బ్లూటూత్ ద్వారా ఫోనుకి చేరవేస్తుంది. ఫోనులో మన నోటి బొమ్మ కనిపిస్తుంది. తోమిన చోటల్లా రంగు మారుతుంది. చివర్లో మార్కులు వేస్తుంది.

బ్లూటూత్ అన్న మాట వినగానే అది పళ్లకోసం పుట్టిందేమో అనుకునేరు. దానికీ దంతవైద్యానికీ ఏ సంబంధమూ లేదు. పదో శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హెరాల్డు అనే రాజుకి నీలిపన్ను అన్న బిరుదు ఉండేది. ఆయన తెగలను ఏకం చేసినట్టు ఇది యంత్రాలను ఏకం చేస్తుందని 1990 దశకంలో ఇంజనీర్లు ఆ పేరు పెట్టారు. ఆ రాజుగారికి పన్ను చచ్చి రంగు మారింది కనుకనే ఆ బిరుదు వచ్చిందని చెప్పుకుంటారు. అదే నిజమైతే ఆయనకి కావలసింది బ్లూటూత్ కాదు, దంత వైద్యుడు!

కరెంటు బ్రష్షువల్ల లాభం ఉందా లేదా? ఉంది. కాక్రేన్ అని వైద్య పరిశోధనలను వడపోసి నిజం తేల్చే అంతర్జాతీయ సంస్థ ఒకటుంది. ఈ విషయం మీద జరిగిన 56 పరిశోధనలను పరిశీలించి 2014లో ఒక నివేదిక ఇచ్చింది. మామూలు బ్రష్షు వాడినవారితో పోలిస్తే కరెంటు బ్రష్షు వాడినవారిలో పాచి మొదటి మూడు నెలల్లో 11 శాతం, ఆ తరవాత 21 శాతం తక్కువగా కనిపించింది. చిగుళ్ల వాపు మొదట 6 శాతం, తరవాత 11 శాతం తగ్గింది. అంటే కంపెనీవాళ్లు చెప్పేది పూర్తిగా కట్టుకథ కాదు. కాని ఈ కొద్దిపాటి తేడా రోగికి ఆచరణలో ఎంత ఉపయోగమో స్పష్టంగా చెప్పలేమని ఆ నివేదికే ఒప్పుకుంది. ఇంకొక సంగతి గమనించండి. ఈ పోలిక మామూలు బ్రష్షుకీ, కరెంటు బ్రష్షుకీ మధ్య. రెండువేల కరెంటు బ్రష్షుకీ, పన్నెండువేల ఫోను బ్రష్షుకీ మధ్య కాదు. ఆ 11 శాతం, 21 శాతం మొదటి మెట్టుమీదే దొరుకుతాయి. పైమెట్టుకి ఎక్కినకొద్దీ పెరిగేది ఎక్కువగా ఖరీదే.

అయితే నేను అన్నిటినీ కొట్టిపారెయ్యడం లేదు. ఈ బ్రష్షుల్లో నాకు నచ్చినవి రెండున్నాయి. ఒకటి, రెండు నిమిషాలు కాగానే ఆగిపోయే ఏర్పాటు. కొన్నింటిలో ముప్పై సెకండ్లకొకసారి చిన్న కుదుపు ఇచ్చి, ఇక పక్కభాగానికి వెళ్లమని గుర్తుచేస్తుంది. మనలో చాలామంది ఎంతసేపు తోముతారో ఒకసారి గడియారం పెట్టుకుని చూడండి. నలభై సెకండ్లకే ఉమ్మేసి కాఫీకి కూర్చుంటాం. రెండోది, గట్టిగా అదిమినప్పుడు హెచ్చరించే దీపం. గట్టిగా తోమితేనే శుభ్రమన్నది మనవాళ్ల నమ్మకం. అంట్లగిన్నెని తోమినట్టు అడ్డంగా బరబరా రుద్దేస్తారు. ఏళ్ల తరబడి అలా రుద్దితే చిగురు కిందికి జారి, పంటి మెడ దగ్గర గొడ్డలితో నరికినట్టు గాడి పడుతుంది. చన్నీళ్లు తాగితే జివ్వుమంటుంది. యాభై దాటిన వారిలో ఈ గాడి తరచుగా చూస్తుంటాను. ఈ రెండు సదుపాయాలూ ఫోను లేని నడిమి రకం బ్రష్షుల్లోనే దొరుకుతున్నాయి.

ఖరీదు లెక్క కూడా చూద్దాం. ఉపాధ్యాయులవారికి లెక్కలంటే ఇష్టం ఉంటుంది. మామూలు మెత్తని బ్రష్షు నలభై రూపాయలనుకోండి. మూడు నెలలకొకటి మార్చాలి. ఏడాదికి నూట అరవై, అయిదేళ్లకు ఎనిమిది వందలు. స్మార్టు బ్రష్షు పదివేలనుకోండి. దానికీ కుచ్చుతల మూడు నెలలకొకసారి మార్చాలి. తల ఒక్కొక్కటి మూడు వందలనుకుంటే ఏడాదికి పన్నెండు వందలు, అయిదేళ్లకు ఆరువేలు. మొత్తం పదహారువేలు. ధరలు కొట్టుకీ కొట్టుకీ తేడాగా ఉంటాయి కాని, మొత్తంమీద ఇరవై రెట్ల వ్యవహారం. పైగా ఆ తలలు ఊళ్లో కిరాణా కొట్లో దొరికేవి కావు. తెప్పించుకోవడానికి బద్ధకించి, అరిగిన తలతోనే ఏడాది తోముతారు. కుచ్చు విచ్చుకుపోయిన కరెంటు బ్రష్షు కంటే కొత్తగా విప్పిన మామూలు బ్రష్షే నయం.

ఈ మధ్య జరిగిన ఒక సంగతి చెబుతాను. రేపల్లె దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చారు. అరవై దాటిన రైతు. పన్నెండేళ్లుగా షుగరు. మూడు నెలల సగటు షుగరు పరీక్షలో తొమ్మిదిన్నర దాటింది. రెండుసార్లు మాత్రలు పెంచినా దిగడం లేదు. మాట్లాడుతుంటే నోటి వాసన బల్ల ఇవతలికి వస్తోంది. "పళ్లు సరిగా తోముకుంటున్నారా, బాబాయి గారూ?" అని అడిగాను. ఆయన నొచ్చుకుని, జేబులోంచి ఫోను తీసి నా ముందు పెట్టారు. కొడుకు పంపిన స్మార్టు బ్రష్షు లెక్క. ఆ ఉదయం నూటికి తొంభై నాలుగు మార్కులు వేసింది. నోరు తెరిపించి చూస్తే, కింది ముందుపళ్ల లోపలి వైపు సిమెంటు పూసినట్టు గార. చిగుళ్లు కందిపోయి ఉన్నాయి. వేలితో నొక్కితే చీము. ఒక దవడపన్ను కదులుతోంది. "ఫోనేమో తొంభై నాలుగు వేసింది, మీరేమో ఫెయిలంటున్నారు. ఎవర్ని నమ్మేదండీ?" అన్నారాయన.

ఫోను అబద్ధం చెప్పలేదు. దానికి తెలిసినంతవరకే చెప్పింది. ఆ పరికరం కొలిచేది బ్రష్షు నోట్లో ఎక్కడెక్కడ తిరిగిందో, ఎంతసేపు తిరిగిందో అంతే. పంటిమీద ఏం మిగిలిందో, చిగురు లోపల ఏం కుళ్లుతోందో దానికి కనబడదు. ఊడ్చేవాడు ఇల్లంతా చీపురు తిప్పాడని లెక్క రాసినట్టే ఇది. మంచం కింద చెత్త ఉందో లేదో వంగి చూసేవాళ్లు వేరే ఉండాలి. ఆ మార్కులు చూసుకునే ఆయన ఏడాదిపాటు దంత వైద్యుడి దగ్గరికి వెళ్లలేదు. నాకు భయం కలిగించేది ఇదే. డబ్బు పోతే పోయింది, "నా నోరు బాగానే ఉంది" అన్న ధీమా మనిషికి చేసే నష్టం పెద్దది.

ఆయన్ని దంత వైద్యులకి అప్పగించాను. రెండు మూడు విడతల్లో గార తీసి, చిగురు లోపలి భాగం శుభ్రం చేశారు. కదిలే పన్ను నిలిచేది కాదని తీసేశారు. మూడు నెలల తరవాత వాసన లేదు, నెత్తురు లేదు, షుగరు కూడా కొంత దిగింది. దిగడంలో మందులకీ, పత్యానికీ భాగం ఉంది. కాని చిగుళ్లకీ షుగరుకీ రెండువైపులా సంబంధం ఉందన్నది ఇప్పుడు స్థిరపడిన విషయం. షుగరు ఎక్కువైతే చిగుళ్లు చెడతాయి. చిగుళ్లలో చీము ఉంటే షుగరు అదుపులోకి రాదు. చిగుళ్లకు సరైన చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో ఆ సగటు షుగరు అంకె సుమారు 0.4 మేరకు తగ్గుతుందని 2022లో కాక్రేన్ సంస్థే మరొక నివేదికలో తేల్చింది. ఒక మాత్ర అదనంగా వేసుకున్నంత పని అది. షుగరు ఉన్న పాఠకులు ఈ పేరా రెండోసారి చదవండి.

గార తీయించుకోవడమంటే మనవాళ్లకి చెడ్డ భయం. "క్లీనింగు చేయిస్తే పళ్లు వదులవుతాయి, మా వదినకి అలాగే అయింది" అంటారు. జరిగేదేమిటంటే, ఎముక కరిగి అప్పటికే వదులైన పళ్లను గార సిమెంటులా పట్టి ఉంచుతుంది. గార తీయగానే ఉన్న నిజం బయటపడుతుంది. నాలుగు రోజులు సందులుగా, జివ్వుమన్నట్టుగా ఉంటుంది. తరవాత చిగురు గట్టిపడుతుంది. అలాగే పైపన్ను పీకితే కంటిచూపు పోతుందన్న మాట. ఇది ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. పైపంటికీ కంటిచూపుకీ అటువంటి సంబంధం లేదు. ఆ భయంతో చీముపట్టిన పన్నును ఏళ్లకేళ్లు నోట్లో దాచుకోవడమే ప్రమాదం. బ్రష్షుకి పెట్టదలచిన పదివేలలో కొంత పెట్టి నోరు ఒకసారి పూర్తిగా చూపించుకుని, గార తీయించి, పిప్పిపళ్లు పూడ్పించుకుంటే మిగిలిన డబ్బు జేబులోనే ఉంటుంది. చేతిలో అంత లేనివారు ప్రభుత్వ ఆస్పత్రుల దంత విభాగానికి వెళ్లవచ్చు. గుంటూరు, విజయవాడల్లో దంత వైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి. అక్కడ పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో చదువుకునే పిల్లలు చేస్తారు. కాస్త ఆలస్యమవుతుంది కాని పని శ్రద్ధగా చేస్తారు.

ఇప్పుడు రెండో రకం మనిషి సంగతి. బాపట్లలో ఒకావిడకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో బ్రష్షు పట్టుకుంటే పంటికంటే బుగ్గకే ఎక్కువ తగులుతోంది. భర్త తోముదామంటే ఆయన చెయ్యీ వణుకుతుంది. కుడివైపు బుగ్గలో అన్నం నిలిచిపోయి, నోరు పూసి, తిండి తగ్గిపోయింది. పక్షవాతం రోగుల నోటిలో మురికి చేరితే అది ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా వచ్చే అవకాశం ఉంది. ఆ ఇంటికి పదిహేను వందల లోపు చార్జింగు బ్రష్షు ఒకటి కొనమని చెప్పాను. పిడి లావుగా ఉంటుంది కనుక పట్టు దొరుకుతుంది. రుద్దే పని యంత్రం చూసుకుంటుంది. ఆవిడ చేయవలసిందల్లా ఒక్కొక్క పంటి దగ్గర కాసేపు ఆనించి పెట్టుకోవడమే. నెలలోపలే ఆవిడ తన పళ్లు తానే తోముకున్నారు. ఒకరిమీద ఆధారపడకుండా ముఖం కడుక్కోగలిగానన్న సంతోషం ఆవిడ ముఖంలో చూశాను. పక్షవాతం, వణుకుడు వ్యాధి, వేళ్ల కీళ్లవాతం ఉన్నవారు, బుద్ధి ఎదగని పిల్లలు, మంచంపట్టిన వారికి సేవ చేసేవారు, వీళ్ల విషయంలో ఖర్చుకి వెనుదీయవద్దంటాను. 1954లో ఆ బ్రష్షు పుట్టింది వీళ్లకోసమే.

రేపల్లె కుర్రవాడికి. నాయనా, పళ్లమీది చారలన్నీ ఒకటి కావు. టీ, సిగరెట్టు, చుట్ట, కిళ్లీవల్ల పైన పట్టిన మరకలైతే దంత వైద్యుడు ఒక పూటలో తీస్తాడు. గార అయితే అదీ అంతే. అవి కాక చిన్నతనంలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీళ్లు తాగడంవల్ల వచ్చిన గోధుమరంగు చారలు వేరు. ఇప్పటి పొదిలి, కనిగిరి వైపు ఊళ్లలో ఇవి తరచు కనిపిస్తాయి. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరైడు జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించి రాశారు. ఆ రంగు పంటి పొరలోనే ఉంటుంది, పైన అంటుకున్నది కాదు. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడిన మచ్చ అది. ఏ బ్రష్షూ దాన్ని చెరపలేదు. దంత వైద్యులు పూతవేసి కనపడకుండా చెయ్యగలరు. మీది ఏ రకమో ముందు చూపించుకోండి. ఈ లోపల నిమ్మచెక్క మీద ఉప్పు జల్లి రుద్దుకోవద్దు. నిమ్మకాయల మార్కెట్టు తెనాలిలోనే ఉంది కనుక మన ప్రాంతంలో ఈ వైద్యం చవక. రెండు రోజులు తెల్లగా మెరిసినట్టుంటుంది, ఎందుకంటే ఆ పులుపు పింగాణీ పొరను కరిగిస్తుంది. ఒకసారి కరిగిన పొర మళ్లీ పెరగదు. ఇటుకపొడి, బొగ్గు, కచ్చిక కూడా అంతే. ఇప్పుడు బొగ్గునే నల్లటి పేస్టు చేసి ఖరీదుగా అమ్ముతున్నారు, మన అమ్మమ్మలు నవ్వుకుంటారు. పొగాకు కలిపిన పళ్లపొడి మరీ ప్రమాదం. మన దేశంలో 1992లోనే దాన్ని నిషేధించారు. అయినా పొగాకు కాడ కాల్చి ఆ మసితో తోముకునే పెద్దవాళ్లు పల్లెల్లో కనబడుతూనే ఉన్నారు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

వేపపుల్ల మాటేమిటి అని ఎవరైనా అడుగుతారు. పచ్చి పందుంపుల్లను బాగా నమిలి, కుచ్చు మెత్తబడ్డాక తోమితే తప్పులేదు. కాని అది ముందుపళ్ల దగ్గరే ఆగిపోతుంది. దవడపళ్ల లోపలివైపుకి, వెనకవైపుకి చేరదు. అసలు పిప్పిపట్టేది అక్కడే. పైగా పుల్లలో ఫ్లోరైడు ఉండదు. "ఫ్లోరైడు చెడ్డదని ఇప్పుడే చెప్పారు కదా" అంటారేమో. మోతాదులో ఉంది విషయం. ఏళ్ల తరబడి తాగే నీళ్లలో ఎక్కువైతే హాని. పేస్టులో కొద్దిగా ఉండి పంటికి తగిలితే పింగాణీ పొరను గట్టిపరుస్తుంది. మన దేశంలో పేస్టులో ఇది పది లక్షల పాళ్లకి వెయ్యి పాళ్లు మించకూడదు, ఎంత ఉందో ట్యూబుమీద అచ్చువెయ్యాలి. చూసి కొనండి.

తెనాలి సోదరి మనవల గురించి అడిగారు. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపుగింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్లవరకు బఠాణీగింజంత. అంతకంటే వద్దు, మింగేస్తారు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే పక్కన నిలబడి తోమాలి. ఫోనులో బొమ్మ ఆడిస్తే పిల్లలు తోముకుంటారన్నది నిజమే. రెండు మూడు వారాలు ఉత్సాహంగా తోముతారు. కొత్త పోగానే బ్రష్షు మూలకి వెళుతుంది, ఫోను మాత్రం చేతిలోనే ఉండిపోతుంది. పడుకోబోయే ముందు పిల్లవాడి చేతికి ఫోను ఇవ్వడానికి ఇంకొక సాకు కావాలా? అమ్మమ్మ పక్కన నిలబడి వందదాకా నెమ్మదిగా లెక్కపెడితే సరిపోతుంది. అంతకంటే ముఖ్యం, తోమిన తరవాత బిస్కట్టుగాని, పాలసీసాగాని నోట్లో పెట్టి పడుకోబెట్టకండి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. తీపి రాత్రంతా పంటిమీదే కూర్చుంటుంది. పెద్దలకి కూడా అందుకే పొద్దుటికంటే రాత్రి తోముకోవడం ముఖ్యమంటాను.

ఇక అమ్మా, మీకు వచ్చిన బ్రష్షులు వాడవద్దనను. వచ్చిన వస్తువును మూలపెట్టడం ఎందుకు? వాడేముందు చార్జరు అడుగున ఏం రాసి ఉందో భూతద్దం పెట్టి చూడండి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనది 230. "100-240" అని ఉంటే సాకెట్టుకి సరిపడే పిన్ను తగిలించి పెట్టుకోవచ్చు. ఒక్క 120 అనో, 110-130 అనో ఉంటే మన ప్లగ్గులో పెట్టకండి, కాలిపోతుంది. మీవారికి గుండెలో పేస్‌మేకరు ఉంటే చార్జరు దిమ్మెను ఛాతీకి దగ్గరగా తేవద్దు, గుండె డాక్టరును ఒక మాట అడిగి వాడండి. తోమేటప్పుడు మామూలు బ్రష్షులా చేత్తో రుద్దకూడదు. చిగురు, పన్ను కలిసేచోట కొద్దిగా వాలుగా ఆనించి, రెండు మూడు సెకండ్లు ఉంచి పక్క పంటికి జరపాలి. బయటివైపు, లోపలివైపు, నమిలేవైపు. ఫోనుకి కలపకపోయినా బ్రష్షు చక్కగా పనిచేస్తుంది. మీరు ఎన్ని గంటలకి పళ్లు తోముకున్నారో ఎక్కడో ఉన్న కంపెనీకి తెలియవలసిన అవసరమూ లేదు. ఇంకొక మాట, ఇంట్లో రెండు మామూలు బ్రష్షులు ఎప్పుడూ ఉంచుకోండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన ప్రాంతంలో కరెంటు లేక ఎంత అవస్థపడ్డామో మరచిపోలేదు కదా.

మామూలు బ్రష్షు వాడేవారికీ అదే పద్ధతి. మెత్తని కుచ్చు, వాలుగా పట్టి చిన్నచిన్న కదలికలు, గోడగడియారం చూసుకుని రెండు నిమిషాలు. తోమాక నురుగు ఉమ్మెయ్యండి, చెంబెడు నీళ్లతో పుక్కిలించి పేస్టునంతా కడిగెయ్యకండి. పంటి సందుల్లోకి ఏ బ్రష్షూ దూరదు, స్మార్టుదైనా సరే. అక్కడికి దారమో, సందుల బ్రష్షో కావాలి. మందుల షాపుల్లో అడగండి. పిన్నీసు, చీపురుపుల్ల మాత్రం వద్దు.

నెత్తురు వస్తోందని తోమడం మానెయ్యకండి. పాచి ఉంది కనుకనే నెత్తురు. మెత్తగా, శ్రద్ధగా తోముతూ ఉంటే వారం పది రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే చూపించుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి దంత వైద్యులకి ముందే చెప్పాలి, మందు మాత్రం సొంతంగా ఆపకూడదు. చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ అలవాటు ఉన్నవారు నెలకొకసారి వెలుతురులో అద్దం పెట్టుకుని బుగ్గల లోపల, నాలుక అంచులు, నాలుక కింద, అంగిలి చూసుకోండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు, నోరు మునుపటంత తెరుచుకోకపోవడం, వీటిలో ఏది కనబడినా నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. నోటి కాన్సరు మొదట్లో నొప్పి పెట్టదు. ఆ రోజే దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని, దంత వైద్యులకిగాని, మాకుగాని చూపించండి.